ఎడమ చెవికి రెండు కోతలు

వియ్యాలవారి కారు వచ్చి వాకిట్లో నిలబడి రెండు గంటలైంది. పుల్లమ్మ ఇంకా పొయ్యి అంటించలేదు.

"కాసిని టీనీళ్లన్నా పెట్టవే" అన్నాడు ఓబులేసు, వంటింటి గడప దగ్గర వంగి, గొంతు తగ్గించి.

"కుండలో మంచినీళ్లున్నయి. దప్పికైతే ముంచుకొని తాగుతారు. చేతులేమన్నా పడిపోయినయా?"

వసారాలో నులకమంచం మీద కూర్చున్న రోశమ్మ ఆ మాట విన్నది. కీళ్లు వాచి, వేళ్లన్నీ ఒక పక్కకు వాలిపోయిన తన రెండు చేతులనూ మెల్లగా కొంగు కిందికి లాక్కుంది. ఎవరూ చూడలేదనుకుంది.

మధ్యగది కిటికీ దగ్గర నిలబడిన రేణుక చూసింది.

అత్త చేతులు ఎనిమిది నెలల్లో ఇంకా చెడ్డాయి. రేణుక కళ్లు తిప్పుకుంది. ఈ రోజు ఆ చేతుల వంక చూడకూడదు. చూస్తే మెత్తబడుతుంది. మెత్తబడడానికి కాదు ఆమె ఎనిమిది నెలలుగా పుట్టింట ఉండి, రాచర్ల ఆటోలో వేలాడుకుంటూ గిద్దలూరు పోయి, కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి, సాయంత్రానికి ఇల్లు చేరి, పళ్ల కింద ఒక్క పేరు పెట్టుకొని నమిలింది.

ఆ పేరు వెంకటేష్. ఆమె మొగుడు. ఇప్పుడు వసారాలో కుర్చీ వేయించుకొని, దొడ్డి గాలి తగలని పక్కకు దాన్ని జరుపుకొని ఫోను చూసుకుంటున్నాడు.

దొడ్డిలో గొర్రెలు ఒకటే అరుపు. ఈపాటికి కొండ అంచుకు చేరాల్సిన మంద. వచ్చినవాళ్లను వదిలి ఓబులేసు కదల్లేడు. ఆయన కదలందే అవి కదలవు.

వెంకటేష్ పెదనాన్న రామసుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆ ఇంటికి పెత్తనం ఆయనదే. ఆయన దగ్గితే పంచాయితీ మొదలైనట్టు.

"ఓబులేసు బావా, ఆడోళ్ల కోపం పాలపొంగు. నాలుగు చుక్కలు నీళ్లు చల్లితే అణుగుతుంది. పిల్లను పిలువు. మావాడు తప్పయిందని ఒప్పుకున్నాడు."

"ఎవరితో ఒప్పుకున్నాడు?" లోపలి నుంచి పుల్లమ్మ.

"నాతోనే అన్నాడు తల్లీ."

"అయితే నువ్వే పో అన్నా కాపురానికి."

కారు డ్రైవరు ముఖం అవతలికి తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. రామసుబ్బయ్య కండువాతో మెడ తుడుచుకొని, కొత్త చీర ఉన్న సంచిని మంచం మీద ఇంకాస్త ముందుకు జరిపాడు. చీర కింద ఒక ప్లాస్టిక్ కవరు, అందులో స్టాంపు కాగితాలు. రేణుకకు కిటికీలోంచి చీర అంచు కన్నా కాగితాల అంచే ముందు కనబడింది.

ఆమె ఫోను చేతిలో వణికింది. హైదరాబాదు నుంచి సుస్మిత మెసేజి. ఒకప్పుడు ఇద్దరూ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు. ఇప్పుడు సుస్మిత వెంకటేష్‌ది కాని ఇంకో ల్యాబులో పనిచేస్తోంది.

"మూడోసారి కూడా చేసి చూశాం. నీ మందు పనిచేస్తోంది. గురువారం నీ పేరుతో పేటెంటుకు దాఖలు చేస్తున్నాం. అప్పటిదాకా ఎవరితోనూ అనవద్దు, ముఖ్యంగా వాడితో."

ఇది ఆదివారం. మధ్యలో మూడు రోజులు.

రేణుక ఫోను చాప కిందికి తోసి, జడ బిగించుకొని బయటికి వచ్చింది. ఆమెను చూడగానే వెంకటేష్ లేచి నిలబడ్డాడు. పెళ్లయిన నాలుగేళ్లలో అతను ఆమెను చూసి లేచి నిలబడడం అదే మొదలు.

"రేణూ, ఐదు నిమిషాలు. ఇద్దరమే మాట్లాడుకుందాం."

"రా" అంది. "దొడ్డి కాడ ఎవురూ వినరు."

అతని ముఖం చిన్నబోయింది. చెప్పుల వంక చూసుకొని, అయినా వెంట నడిచాడు.

*

రెండు తరాల కింద వాళ్లవీ గొర్రెలే. వెంకటేష్ తాత మంద అమ్మి ముండ్లమూరు దగ్గర పొలం కొన్నాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో గొర్రె అన్న మాట ఎత్తకూడదు. కూర వండుకున్నా మటన్ అనాల్సిందే. పెళ్లయిన కొత్తలో రేణుక తన పెట్టెలో నుంచి గొంగడి తీసి కప్పుకుంటే, వాసన వస్తోందని వెంకటేష్ పక్కగదిలోకి పోయి పడుకున్నాడు. రోశమ్మ ఆ గొంగడి మడిచి, ఒకసారి ముఖానికి ఆనించుకొని పెట్టెలో పెట్టింది. ఆ రోజు రేణుక ఆ సంగతి పట్టించుకోలేదు.

దొడ్డి మూలన ఒక తల్లిగొర్రె నిలబడి పిల్లకు పాలిస్తోంది. పిల్ల ఒంటి మీద ఇంకో తోలు ఉంది. చొక్కా మీద చొక్కా తొడిగినట్టు.

"ఇదేంది?" వెంకటేష్ ముక్కుకు చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"దాని పిల్ల మొన్న చచ్చింది. ఈ పిల్లకు తల్లి లేదు. చచ్చినదాని తోలు తీసి దీనికి కట్టినాడు నాయన. వాసన చూసి, తన పిల్లేననుకొని పాలు చేపింది."

"ఛీ!"

"నీకు ఛీ. నాకు అన్నం పెట్టింది."

అబద్ధం కాదు. మూడేళ్ల కింద సెలవుకు వచ్చినప్పుడు ఇదే మూలన, ఇలాంటి తోలు తొడిగిన పిల్లను చూస్తూనే ఆమెకు దారి తట్టింది.

ఒంట్లో కాపలా కణాలుంటాయి. శత్రువు కనబడితే వాటి లోపల ఒక బుల్లి అణువు పుడుతుంది. అది పోయి, కాల్షియం దాచిన కొట్టు తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటే కాల్షియం పొంగుతుంది. పొంగితే కణం కొట్లాటకు లేస్తుంది. రోశమ్మ లాంటివాళ్ల ఒంట్లో ఆ కాపలాకు మతి తప్పి సొంత కీళ్ల మీదికే లేస్తుంది.

రేణుక ఆ అణువుకు నకలు చేయాలనుకుంది. మొదట చేసింది మరీ నిక్కమైన నకలు. అసలు అణువు తలుపు తట్టి, కాసేపటికి విరిగిపోతుంది. విరిగే చోట ఆమె గట్టి అతుకు వేసింది. దాంతో ఆ నకలు విరగకుండా తట్టినదే తట్టింది. కణాలు చల్లబడలేదు సరికదా, ఇంకా రేగిపోయాయి. తోలు తొడుక్కొని పోయి పొదుగు పీల్చేసే పిల్ల అది.

రెండోది చేయడానికి ఏడాదిన్నర పట్టింది. పైకి అదే తోలు. ఒక్క మూల ఒక్క చిన్న మార్పు. తలుపు దగ్గరికి పోయి నిలబడుతుంది, తట్టదు. అసలుదాన్నీ దగ్గరికి రానివ్వదు. తోలు తొడిగి, మూతికి చిక్కం కట్టిన పిల్ల. దాన్ని వేసిన రోజున కణాలు చల్లబడ్డాయి.

ఆ నెలలోనే ఓబులేసు బండల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. రేణుక మార్కాపురం ఆసుపత్రిలో నాయన మంచం పక్కన ఇరవై రెండు రోజులు కూర్చుంది. తిరిగి పోయేసరికి, మొగుడూ తనూ కలిసి పనిచేసే ల్యాబు ఫ్రిజ్‌లో ఆమె అర ఖాళీ. నోటుపుస్తకం లేదు. మందు మొగుడి పేరు మీద కంపెనీ బల్ల మీదికి చేరింది. అడిగితే, ల్యాబులో పదిమంది ముందు అన్నాడు: "గొర్రెల వెంట పోయే నాయన కోసం నెల రోజులు పోయినదానివి, నీకెందుకు సైన్సు? నీ అర కడిగితే వాసన పోవడానికి వారం పట్టింది."

పదిమందీ నవ్వారు. ఆ నవ్వు ఆమె చెవుల్లో ఇంకా ఆరలేదు.

"చెప్పు. ఏంది సంగతి?"

వెంకటేష్ గొంతు దిగిపోయింది. "బుధవారం కంపెనీ వాళ్ల ముందు చేసి చూపించాలి. వాళ్ల కళ్ల ముందే. పోయిన వారం నేను చేసి చూసుకున్నా. మందు వేస్తే కణాలు చీకటిగా ఉండాల గదా. స్క్రీనంతా పచ్చగా వెలిగిపోయింది రేణూ, టపాకాయలు పేలినట్టు."

కాల్షియం పొంగిన కణం పచ్చగా వెలుగుతుంది. అంటే రేగిపోయింది. రేణుక కంచె కర్ర గట్టిగా పట్టుకుంది, నవ్వు బయటపడకుండా.

"ఎన్నిసార్లు చేసినావు?"

"నాలుగుసార్లు."

"ఏ పేజీ చూసి చేసినావు?"

అతను ఫోను తీసి ఫోటో చూపించాడు. ఆమె చేతిరాతే. పేజీ పైన మూలన చిన్న బొమ్మ. పొడుగ్గా, వంపు తిరిగి, అంచున రెండు గంట్లు.

"నీ నోట్సులో పేర్లు లేవు, అంకెలు లేవు. అన్నీ ఈ ఆకుల బొమ్మలే. ఒకదానికి ఒక చీలిక, ఇంకోదానికి రెండు. ఒకటంటే మొదట చేసింది, రెండంటే తర్వాత బాగుచేసింది. అంతేగా?"

కంచె మీదుగా అరవై జతల చెవులు అతని వైపే నిక్కి ఉన్నాయి. కుడి చెవి కొనన ఒక్క కోత ఉన్నవి మందలో ఉంచుకునేవి. ఎడమ చెవి అంచుకు రెండు కోతలు ఉన్నవి వచ్చే సంతకు, కసాయికి. రేణుక పలక పట్టక ముందే ఈ లెక్క నేర్చుకుంది. ల్యాబులో సీసాలకూ అదే గుర్తు పెట్టుకుంది. ఉంచుకునేదానికి, అంటే కణాలను చల్లబరిచిన రెండో నకలుకు ఒకటి; వదిలించుకునేదానికి, రేగగొట్టిన మొదటిదానికి రెండు.

చెవుల మధ్యన నిలబడి, చెవి బొమ్మను ఆకు అంటున్నాడు.

పగకు రుచి ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. వేపపుల్ల నమిలినట్టు. ముందు చేదు, తర్వాత నోరంతా శుభ్రం.

"అంతే" అంది.

"మరెందుకు తిరగబడింది?"

"చివర్న ఎంత వేడి పెట్టినావు?"

అతను తడబడ్డాడు. ల్యాబులో అతని చేతివాటం సంగతి ఇద్దరికీ తెలుసు. పెళ్లికి ముందు కూడా అతని గాజుసీసాలు ఆమే కడిగేది, అతని కొలతలు ఆమే సరిచూసేది. తన చేయి తప్పిందంటే అతను నమ్ముతాడు. గొర్రె చెవిలో అర్థం ఉంటుందంటే నమ్మడు.

"కొంచెం ఎక్కువైందేమో..."

"అదే. ఐసులో పెట్టి నిదానంగా చెయ్. తొందరపడబాక."

వెంకటేష్ ఊపిరి వదిలాడు. ఆమె భుజం మీద చేయి వేయబోయి, ఆమె చూపు చూసి వెనక్కి తీసుకున్నాడు. "ఇంకొకటుంది. ల్యాబు రిజిస్టర్లో నీ పేరుంది. కంపెనీ వాళ్లు నీ సంతకం అడుగుతున్నారు, అభ్యంతరం లేదని. అమ్మ కోసమన్నా పెట్టు. అమ్మ చేతులు చూసినావుగా."

"చూసినా. పెడతా. కానీ ఉత్తినే పెట్టను."

"ఏం కావాల?"

"కాగితం మీద ఆ బొమ్మ గీయాల. రెండు కోతలది నీది, నాకు హక్కు లేదని నేను రాస్తా. ఒక్క కోతది నాది, దాని జోలికి రానని నువ్వు రాయాల."

వెంకటేష్ ఒక్క క్షణం చూసి నవ్వేశాడు. "ఆ మొదటిదా? పెట్టుకోవే తల్లీ, గుర్తుగా పెట్టుకో. ఇంతేనా!"

తోలు తొడిగిన పిల్ల పొదుగు వదిలి, మూతి నాక్కుంటూ అతని వంక చూసింది.

*

రామసుబ్బయ్య మంచం మీద పీట పెట్టుకొని రాశాడు. మధ్యమధ్య పెన్ను విదిలించాడు. బొమ్మ గీయాల్సి వచ్చినప్పుడు కాగితం రేణుకకు ఇచ్చాడు. ఆమె రెండు బొమ్మలూ గీసింది. కుడిది, కొనన ఒక్క కోత. ఎడమది, అంచుకు రెండు కోతలు.

పుల్లమ్మ వంటింట్లో నుంచి దూసుకొచ్చింది.

"ఏందే నువ్వు చేసేది? సంతకం పెడతావా? కళ్లు పోగొట్టుకొని చేసిందాన్ని వీడి చేతిలో పెట్టి, వీడు తెచ్చిన చీర కట్టుకొని పోతావా?"

"అమ్మా, నువ్వూరుకో."

"ఎందుకూరుకోవాల? తుంటి విరిగి మీ నాయన ఆసుపత్రిలో మూలుగుతా ఉంటే, ఈ పెద్దమనిషి ఒక్కరోజన్నా వచ్చినాడా? ఆ ఇరవై రెండు రోజుల్లోనే నీ కొంప ముంచినాడు. ఆయన మంచం మీదనే ఈ రోజు కాగితం రాస్తారా? సిగ్గుండాల!"

"వదినా..." రోశమ్మ ఏదో అనబోయింది.

"నువ్వు మాట్లాడబాక వదినా. నీ కడుపున పుట్టినోడికి నిన్ను వెంటబెట్టుకొచ్చి, నీ చేతులు చూపించి అడుక్కుతినడం ఎవరు నేర్పినారు?"

రామసుబ్బయ్య పెన్ను గాలిలో ఆగింది. రేణుకకు తల్లి నోరు మూయాలని ఉంది, ఎలా మూయాలో తెలియడం లేదు. ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాటే చెప్పకూడదు.

అప్పుడు ఓబులేసు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చదువు రాదు. బొమ్మలు చూశాడు. కుడిది చూశాడు. ఎడమది చూశాడు. కళ్లెత్తి కూతురి వంక చూశాడు. ఆమె రెప్ప వేయలేదు.

"పుల్లీ" అన్నాడు. "లోపలికి పో."

ముప్పై రెండేళ్లలో ఆయన ఆ గొంతుతో ఆమెతో మాట్లాడింది లేదు. పుల్లమ్మ గోడకు చేరబడింది. లోపలికి మాత్రం పోలేదు.

ఓబులేసు కాగితం అల్లుడి ముందు పెట్టాడు. బొమ్మ మీద వేలు ఆనించాడు.

నాయన ఏం చేయబోతున్నాడో రేణుకకు అప్పుడు అర్థమైంది. సంతలో గొర్రెను అమ్మేవాడు చెవి దాచకూడదు. కొనేవాడి చేతికి చెవి ఇచ్చి, చూసుకున్నావా అని మూడుసార్లు అడగాలి. మూడుసార్లు చూశానన్నాక, ఇంటికి తోలుకుపోయి ఏడ్చినా అది కొన్నవాడి కర్మ. అడగకుండా అమ్మినవాడికి మళ్లీ సంతలో చోటుండదు. ఓబులేసు బతుకులో అడగకుండా ఒక్క గొర్రెను అమ్మలేదు. కూతురి పగ కోసం కూడా అమ్మడు.

"అల్లుడా, గుర్తు చూసుకున్నావా?"

"చూసినా మామా."

"గుర్తు చూసుకున్నావా?"

"చూసినానంటున్నా గదా."

"నాయనా, బాగా చూడు. గుర్తు చూసుకున్నావా?"

"అబ్బా! చూసినా. ఆకు బొమ్మ, రెండు చీలికలు. ఎన్నిసార్లు చెప్పాల?" వెంకటేష్ పెదనాన్న వైపు తిరిగి నవ్వాడు. "మామకు చెవులు సరిగా వినబడటం లేదేమో."

ఓబులేసు వేలు తీసేశాడు. "నాకు బాగానే వినబడతాది" అన్నాడు, మెల్లగా. "నా పని అయిపోయింది."

కానీ మూడోసారి అడిగినప్పుడు, మంచం చివరన రోశమ్మ తల పైకెత్తింది.

రేణుక చూసింది. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న మనిషి, ఎక్కడో దూరంగా తన పేరు పెట్టి పిలిస్తే విన్నట్టు తల ఎత్తింది. ఓబులేసు ముఖం చూసింది. తర్వాత కాగితం చూసింది.

వెంకటేష్ సంతకం పెట్టాడు. రేణుక పెట్టింది. రామసుబ్బయ్య సాక్షిగా గొలుసుకట్టు రాతలో పొడుగాటి సంతకం గీకాడు.

"ఇంకొక సాక్షి కావాల. రోశమ్మా, వెయ్ అమ్మా వేలిముద్ర. నీకు పెన్ను పట్టే పని లేదులే."

రోశమ్మ కొంగు కింద నుంచి చేయి తీసింది. సిరా డబ్బా వైపు చాచలేదు. కాగితం ఒళ్లో పెట్టుకొని, ఎడమ బొమ్మ మీద వంగింది. వంకరపోయిన చూపుడువేలితో ఒక గంటు తడిమింది. రెండో గంటు తడిమింది.

పెద్దారవీడు పక్కన కొండ కింది పల్లె ఆమె పుట్టిల్లు. ఆ ఊరివాళ్లకు మందలుండేవో లేదో రేణుక ఏనాడూ అడగలేదు. అత్త ఏనాడూ చెప్పలేదు. ముఖానికి ఆనించుకున్న గొంగడి ఇప్పుడు గుర్తొచ్చింది. నల్లమల అంచున మందలన్నింటికీ ఒకటే గుర్తు. రేణుక మొగుడి ఇంటి లెక్క అంతా వేసుకున్నది కానీ, ఈ ఒక్క మనిషిని లెక్కలో వేసుకోలేదు.

"ఒరే వెంకటేషూ" అంది రోశమ్మ. "ఇది ఎడమదా, కుడిదా?"

రేణుక మొగుడి నోటి వంకే చూసింది.

"ఆకుకు ఎడమేంది, కుడేందమ్మా? కానీయ్, పొద్దు పోతా ఉంది."

రోశమ్మ కొడుకు వంక చాలాసేపు చూసింది. అంతసేపు చూడడం అతనికే ఇబ్బందిగా తోచి ఫోను తీశాడు.

"అవునులే" అంది. "నాకేం తెలుసు."

బొటనవేలు సిరాలో ముంచి, రెండు కోతల పక్కనే నొక్కింది.

*

కాగితం ఒక ప్రతి వాళ్లు తీసుకున్నారు, ఒకటి రేణుక తీసుకుంది. కాపురం సంగతి బుధవారం తర్వాత చూద్దామని రామసుబ్బయ్యే అన్నాడు. కాగితం చేతికందాక ఆయనకు పాలపొంగు, నీళ్లు అన్నీ మరుపున పడ్డాయి. చీర మాత్రం మంచం మీద వదిలేశాడు. పుల్లమ్మ దాన్ని కాలితో కిందికి తోసింది.

ఓబులేసు ఎవరినీ సాగనంపలేదు. కర్ర తీసుకొని దొడ్డి వైపు పోయాడు.

రోశమ్మ కారు దాకా నడవడానికి రేణుక చేయి పట్టుకుంది. పట్టుకోవడం కాదు, వేళ్లు మూసుకోవు కనుక, చేతి మీద చేయి ఆనించింది. వేడిగా ఉంది.

"మా నాయన నాకు తొమ్మిదేళ్లప్పుడే కత్తి ఇచ్చినాడు" అంది, ఎదురుగా చూస్తూనే, పెదవులు పెద్దగా కదపకుండా. "నేను కోసిన చెవుల మీద ఈగ వాలేది కాదు. ఆ ఇంట్లో అడుగుపెట్టినాక నలభై ఏళ్లు నోటికి చిక్కం కట్టుకున్నా."

రోశమ్మ అడుగు నెమ్మదించింది.

"నా కొడుకును సంతకు తోలినావు."

"తనే పోతున్నాడు అత్తా. నాయన మూడుసార్లు అడిగినాడు."

"అడిగినాడు. అందుకే నేను వేలు వేసినా. ధర్మం తప్పలేదు మీ నాయన. కానీ నేను వాడిని కన్నదాన్ని గదా, మ్మే. కసాయి చేతికి పోతా ఉంటే కన్నది ఒక్క అరుపన్నా అరుస్తుంది."

కారు పది అడుగుల దూరంలో ఉంది. వెంకటేష్ అప్పుడే ముందు సీటులో కూర్చున్నాడు. ఏసీ వేయమని డ్రైవరును తొందరపెడుతున్నాడు.

"ఒక్క కోతది ఉంచుకునేదేనా?" రోశమ్మ అడిగింది. "దాంతో ఈ చేతులు బాగవుతాయా?"

ఈ ఒక్క ప్రశ్నకు అవునంటే చాలు. వచ్చే నెలకల్లా ఇస్తానంటే చాలు. అత్త నోరు గురువారం దాకా మూసుకుంటుంది. పొద్దున్నుంచి ఇన్ని అబద్ధాలు ఆడింది, ఇంకొకటి బరువు కాదు. రేణుక నోరు తెరిచింది. చేతి మీద ఆనిన వేళ్ల వేడి తగిలింది.

"ఏమో అత్తా. సీసాలో కణాలు చల్లబడినయి. మనిషి దాకా రావాలంటే ఎనిమిదేళ్లు పడతాదో, పదేళ్లు పడతాదో. అసలు రాకనే పోవచ్చు."

రోశమ్మ ఆగింది. మొదటిసారి కోడలి ముఖంలోకి చూసింది.

"వాడేమో ఈ ఏడే అన్నాడు. నాకే ముందు ఇస్తానన్నాడు."

"వాడు అట్లనే అంటాడు."

"ఊఁ."

ఆ ఒక్క శబ్దంలో ఏముందో రేణుకకు అందలేదు. రోశమ్మ వెనక సీటులోకి ఎక్కుతూ, తలుపు మూయక ముందు అంది: "ముండ్లమూరు దాకా దారి చాలా ఉంది. చెప్పాల్నా వద్దా అని నేనింకా అనుకోలేదు."

తలుపు పడింది.

కారు దుమ్ము లేపుకుంటూ వీధి మలుపు తిరిగింది. రేణుక కాగితం మడత గుప్పిట్లో నలుగుతోంది. వీధి చివర కల్వర్టు దగ్గర కారు ఆగింది.

ఆగకుండా ఎలా ఉంటుంది? ఓబులేసు అప్పుడే దొడ్డి తడిక తీశాడు. పొద్దున్నుంచి ఆకలితో నకనకలాడుతున్న మంద ఒక్కసారిగా రోడ్డు మీద పడింది. కారు ముందు, వెనక, రెండు పక్కలా గొర్రెలే. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అవి వినవు. వెంకటేష్ అద్దం ఎత్తి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని, తల వంచి ఫోను చూసుకుంటున్నాడు.

వెనక అద్దం కిందికి దిగింది.

ఒక చేయి బయటికి వచ్చింది. కీళ్లు వాచి, వేళ్లు ఒక పక్కకు వాలిపోయిన చేయి. పక్కనే ఒరుసుకుంటూ పోతున్న గొర్రె ఎడమ చెవిని బొటనవేలికీ అరచేతికీ మధ్య అదుముకుంది. నలభై ఏళ్లయినా మరిచిపోని పట్టు. గొర్రె గింజుకుంది. చేయి వదల్లేదు. ఆ చెవిని అద్దం దాకా పైకి లాగింది, రెండు కోతలూ ఎండలో కనబడేలా.

రేణుక చెప్పులు లేకుండానే పరుగెత్తడం మొదలుపెట్టింది.

ముందు సీటులో వెంకటేష్ ఫోను పక్కన పెట్టి వెనక్కి తిరిగాడు.